ఉత్తరం: గోదావరి

మా నాన్న దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. పైన దుప్పట్లు, దుప్పట్ల కింద ఒక ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో ఒక దస్తావేజు. మడతల దగ్గర చిరిగిపోతుంటే అమ్మ వెనకవైపు పాత చీర పీలికలు అంటించింది. డెబ్బై సెంట్ల దొడ్డి, అందులో తాటాకిల్లు, నుయ్యి, కొబ్బరి చెట్లు. హద్దులు రాసిన చోట తూర్పుకి ఎవరిదో దొడ్డి, దక్షిణానికి పుంత, పడమరకి మా పెదతాతగారి దొడ్డి. ఉత్తరానికి ఒక్కటే మాట, గోదావరి.

"పక్క రైతు ఏడాదికో జానెడు గట్టు చెక్కేస్తే నలుగురిలో పెట్టి అడగొచ్చు. గోదారిని ఎవరి ముందు నిలబెట్టి అడుగుతాంరా?" అంటాడు నాన్న.

ఆ డెబ్బై సెంట్లూ ఇప్పుడు ఏట్లో ఉన్నాయి. నీళ్లలో ఉన్న భూమిని ఎవరూ కొనరు కాబట్టి కాగితం మా దగ్గరే ఉండిపోయింది. ఆ లెక్కన మేం ఇప్పటికీ కోనసీమలో భూమి ఉన్నవాళ్లమే.

నేను పుట్టింది ఆ దొడ్లోనే, 1983లో. పి.గన్నవరం దగ్గర గోదావరి మధ్యలో ఒక లంక. అయిదేళ్లు నిండేసరికి అక్కణ్నుంచి వచ్చేశాం. నాకు గుర్తున్నదంతా కర్ణాటకలో సింధనూరు పక్కన ఉన్న మా క్యాంపే. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయి ఎడమ కాలవకి నీళ్లొచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు వెళ్లి ఆ నల్లరేగడిలో వరి పండించడం మొదలుపెట్టారు. వాళ్లు దిగిన చోట్లకి క్యాంపులని పేరు. గుడారాలు పోయి మేడలు లేచినా క్యాంపు అన్న పేరు మాత్రం పోలేదు. మేం వాళ్లందరికంటే ఆలస్యంగా, 1988లో వెళ్లాం. ఏటికి దూరంగా మిగిలిన ఎకరంన్నర తోట అమ్మితే అక్కడ అయిదెకరాలు వచ్చింది.

బళ్లో నన్ను 'ఆంధ్రావాడు' అనేవాళ్లు. పెళ్లిళ్లకి ఇటు వస్తే మా వాళ్లే "కన్నడం వాళ్లొచ్చారు, కాళ్లకి నీళ్లివ్వండే" అనేవాళ్లు. రెండూ వేళాకోళానికే. కానీ రెండో దానికే నాన్న మొహం చిన్నబోయేది.

క్యాంపులో రాత్రిళ్లు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోగానే నవారు మంచం వాకిట్లోకి వచ్చేది. నాన్న ఏ కబురు మొదలుపెట్టినా "మనూళ్లో" అనే మొదలుపెట్టేవాడు. నేనూ చెల్లీ ఆ మాటకి అలవాటుపడిపోయాం. ఉండేది క్యాంపు, ఊరంటే అది. ఒకరోజు బళ్లో మీ ఊరి గురించి రాయమంటే గుర్తులేని లంక గురించి కన్నడంలో ఒక పేజీ రాశాను. పులస మీద అయిదు వాక్యాలు. నేనెప్పుడూ తిన్నది లేదు.

నాన్న చెప్పే వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది కాలవ కబురు. నిజానికి మా లంకలో కాలవే లేదు. లంకవాళ్లకి ఏరుంది, కాలవ నీళ్లు లేవు. అరటి, కంద, కూరగాయలు, కొబ్బరే తప్ప వరి అంతంత మాత్రం. కాలవ ఉన్నది నాన్న వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లో. వేసవి సెలవులకి అక్కడికి చేరేసరికి కాలవలు కట్టేసే రోజులు. పూడిక తీయాలి, లాకుల తలుపులు బాగుచేసుకోవాలి, అందుకని పైన నీళ్లు ఆపేసేవాళ్లు. నీళ్లు తగ్గి తగ్గి వంతెనల కింద మడుగులు మిగిలేవి. ఊళ్లో మగపిల్లలందరూ ఆ బురదలోనే. కొర్రమీనులు, మట్టగిడసలు, ఇంగిలాయిలు. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి మోచేతిదాకా సలుపుతుందట. నాన్న ఇప్పటికీ కుడి బొటనవేలు చూపిస్తాడు. అక్కడ మచ్చ ఏమీ లేదు. ఉందని ఒప్పుకోకపోతే కబురు ముందుకి సాగదు.

జూన్ రాగానే పై ఊళ్ల నుంచి కబురొచ్చేది, కాలవ వదిలారని. పిల్లలందరూ గట్టెక్కి కొత్త నీళ్లకి ఎదురు వెళ్లేవాళ్లు. ఎక్కడో మలుపు దగ్గర కనిపించేవి. ముందు నురగ, నురగ మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు, పుల్లాపుడకా తోసుకుంటూ, ఎండి పగిలిన అడుగు మట్టి బుస్సుమంటుంటే మనిషి నడిచే వేగంతో వచ్చేవి. పిల్లలు వెనక్కి తిరిగి ఆ నీళ్ల మొనకి సమానంగా గట్టు మీద నడుస్తూ ఊళ్లోకి వచ్చేవాళ్లు. "పెళ్లికూతుర్ని మేళంతో ఇంటికి తోడుకొచ్చినట్టుండేదిరా" అనేవాడు.

ఇది కొంచెం పెంచి చెబుతున్నాడనుకునేవాణ్ని. నాకు పదేళ్లప్పుడు ఒక తెల్లవారుజామున నన్ను లేపి, సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, క్యాంపు బయట ఉపకాలవ దగ్గరికి తీసుకెళ్లాడు. తుంగభద్ర నీళ్లు వదిలారు. వెలుగు రాకముందే వచ్చాయి, అదే నురగ, అవే పుల్లలు. నాన్న సైకిలు దిగి, హ్యాండిలు పట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా దాని పక్కన నడిచాడు. అర కిలోమీటరు నడిచి ఉంటాం. తరవాత ఆగి, "ఇది నడవట్లేదురా, పాకుతోంది" అని సైకిలెక్కాడు. దారంతా మళ్లీ మాట లేదు.

నాన్న వరి పండించడం నేర్చుకున్నది అక్కడికి వెళ్లాకే. కానీ కళ్లంలో కొలత మాత్రం లంక నుంచి తెచ్చుకున్నదే. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనడు. మొదటిది 'లాభం', ఆ తరవాత రెండు, మూడు. కన్నడం కూలీలు నవ్వేవాళ్లు. వాళ్లకీ కొన్నాళ్లకి అలవాటైపోయింది. నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరాక మొదటి జీతం నోట్లు లెక్కపెడుతూ నోటి లోపల లాభం అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

వంట విషయంలో నాన్నని అమ్మ చాలా భరించింది. కోనసీమలో పనసాకులు కలిపి కుట్టి బుట్టలు చేసి, వాటిల్లో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు. పొట్టిక్కలంటారు. క్యాంపులో పనసచెట్టు ఎక్కడిది? అమ్మ గిన్నెల్లో వేసి పెట్టేది. నాన్న తినేసి, చెయ్యి కడుక్కుంటూ, "ఇడ్లీలు బాగున్నాయే" అనేవాడు.

1986 వరద మాత్రం చాలా ఏళ్లు చెప్పలేదు. అడిగితే "ఇప్పుడెందుకులే" అనేవాడు. నాకు ఇంజినీరింగులో సీటొచ్చి, ఇల్లు వదిలి వెళ్లే ముందు రాత్రి తనంతట తనే చెప్పాడు.

ఆగస్టు నెల. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు 35 లక్షలు దాటింది. అంతకుముందు 1953 వరదని మా తాత చూశాడు. ఆ నీళ్లు మా ఇంటి అరుగు దాకా వచ్చి ఆగాయి. అందుకని ఈసారీ అరుగు దగ్గరే ఆగుతాయని తాత పంతం. అరుగు మునిగింది. గడప మునిగింది. చీకట్లో నాన్న పశువుల పలుపులు కోసేసి, "పొండమ్మా, మీ అదృష్టం" అన్నాడట. పడవ వాకిట్లోకే వచ్చింది. మూడేళ్ల నన్ను ఇత్తడి గంగాళంలో కూర్చోబెట్టి, నీళ్ల మీద తోసుకుంటూ పడవ దాకా తీసుకెళ్లానని నాన్న చెబుతాడు.

"గంగాళం అప్పటికే కొట్టుకుపోయింది. వీడు నా భుజం మీదున్నాడు" అంటుంది అమ్మ.

"నీకు తెలీదు. నువ్వు వెనక పడవలో ఉన్నావు."

"రెండో పడవ ఎక్కడిదండీ? వచ్చిందే ఒక్క పడవ!"

దీని మీద వాళ్లు ఇప్పటిదాకా రాజీ పడలేదు. నాకు ఏదీ గుర్తులేదు. అయినా నేను గంగాళం వైపే.

ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద ఉన్నారు. పైనుంచి హెలికాప్టరు పడేసిన పొట్లాల్లో పులిహోర ఉందని, అది పాచిపోయినా తిన్నామని చెప్పాడు. తిరిగి వెళ్లేసరికి గోడలు కరిగి కప్పు నేల మీద కూర్చుంది. కొబ్బరిచెట్ల మట్టల్లో పాములు. మూడు పశువుల్లో ఒకటి నాలుగో రోజున తనే నడిచి వచ్చింది. మెడకి వేరే ఎవరిదో పలుపు ఉంది. ఎవరు కట్టారో, ఎవరు విప్పారో తెలియలేదు.

అయితే మేం ఊరు వదిలింది వరద వల్ల కాదు. అక్కడ వరద వస్తుంది, పోతుంది. ఒండ్రు వేసి మరీ పోతుంది. మమ్మల్ని లేపింది ఆ తరవాత పట్టుకున్న కోత. నీళ్లు తీశాక పాయ ఒరవడి మారి మా ఒడ్డు కిందకి తిరిగింది. కింద ఇసక జారిపోతే పైన మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి పడేది. రాత్రి పడుకుంటే ధబ్బుమని ఒక చప్పుడు. కాసేపటికి ఇంకోటి. తాత చీకట్లోనే కూర్చుని "అది మూడోది" అనేవాడట. పొద్దున్నే లేచి వెళ్లి దొడ్డి కొలుచుకునేవాళ్లు.

ఇరవై రెండు కొబ్బరిచెట్లు. ఒడ్డువార చెట్టు వేళ్లు బయటపడ్డాయంటే ఇంక వారమో పది రోజులో. అప్పుడు దింపు వాణ్ని పిలిచి, ముదురూ లేతా చూడకుండా గెలలన్నీ దింపించేసేవాళ్లు. నడుముకి తాడు కట్టుకుంటే తప్ప ఎక్కనన్నాడట అతను. ఏటి మీదకి వాలిన చెట్టెక్కి కాయ కోస్తుంటే కిందంతా సుడులు. నాయనమ్మ మాత్రం పిందెలు కోయనిచ్చేది కాదు. "దానికీ తెలియాలి కదా, ఇంకా కాస్తున్నానని" అనేదట. ఈ మాట చెప్పి నాన్న చాలాసేపు ఊరుకున్నాడు.

ఇరవై రెండు పంతొమ్మిదయ్యాయి. మరుసటేడు పదకొండు. పశువులపాక పోయింది. అప్పుడు నూతి దగ్గరికి వచ్చింది. ఒరల నుయ్యి, పన్నెండు ఒరలు. చుట్టూ మట్టి జారిపోయినా ఒరలు పడిపోలేదట. ఒక పొద్దున చూస్తే మా నుయ్యి గొట్టంలాగ, మొత్తం బయటపడి, ఒడ్డుకి బారెడు దూరాన నీళ్లలో నిలబడి ఉంది. లోపలుండాల్సిన నుయ్యి ఊళ్లో అందరికీ బయటినుంచి కనబడింది. పదిహేను రోజులు అలా ఉంది. జనం చూడ్డానికి వచ్చేవాళ్లు. తాత ఆ పదిహేను రోజులూ ఇంట్లోంచి బయటికి రాలేదు. నుయ్యి పడిపోయాక నాన్న క్యాంపులో ఉన్న మేనమామకి ఉత్తరం రాశాడు.

పోయిన సంక్రాంతికి నాన్నని తీసుకెళ్లాను. మోకాళ్లు పట్టేశాయి, ఇంక ఎన్నిసార్లు ప్రయాణం చేయగలడో అని నా భయం. అది బయటికి అనలేదు. తనకీ తెలుసు, తనూ అనలేదు. అమ్మ రాలేదు. "ఆ నీళ్లు నేను చూడను" అంది.

రాజమండ్రిలో రైలు దిగి కారు మాట్లాడుకున్నాం. జొన్నాడ మీదుగా హైవే ఎక్కితే దగ్గర. నాన్న ససేమిరా అన్నాడు. ధవళేశ్వరం బ్యారేజీ మీంచే వెళ్లాలట. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో కట్టింది. నాన్న చదువుకునే రోజుల్లో ఆనకట్టే ఉండేది, ఇప్పటికీ ఆయన నోట ఆనకట్టే. గుర్రం మీదున్న కాటన్ విగ్రహం కనబడగానే కారాపించి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి వచ్చాడు. లంకవాడివి, కాటన్ నీళ్లు నీ పొలానికి ఎప్పుడొచ్చాయి అన్నాను. "మా అమ్మమ్మ పెట్టిన అన్నం ఎవరిదిరా?" అన్నాడు.

బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల. లొల్ల లాకుల దగ్గర మళ్లీ ఆగాం. తలుపుల సందుల్లోంచి దూకే నీళ్ల హోరులో ఆయన చెప్పేది నాకు వినబడలేదు, అయినా తలూపాను. ఆత్రేయపురంలో పూతరేకులు కొని ఒకటి కొరికి, పంచదార ఎక్కువైందన్నాడు. ఆ మాటకి మా డ్రైవరు, పాతికేళ్ల కుర్రాడు, "ఆయ్, బెల్లంవి అడగాల్సిందండి" అన్నాడు. నాన్న నా వైపు తిరిగి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "విన్నావా? ఆయ్ అన్నాడు." ఆ తరవాత దారంతా ఆ కుర్రాణ్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు, అతను ఆయ్ అంటాడని.

గన్నవరం అక్విడక్టు దగ్గర మాత్రం నేను తొందరపెట్టాను. కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలవ. ఏటిని దాటించి నగరం దీవి వైపు నీళ్లు పంపడానికి కాటన్ కాలంలో కట్టిన ఆ పాతదానికి 49 ఆర్చీలు. ఇప్పుడు పక్కనే కొత్తది కట్టారు. నాన్న పడవ దిగి దాని పక్కనుంచే హైస్కూలుకి వెళ్లేవాడు. మాస్టారు 49 అని చెప్పారట, నాన్నకి ఎప్పుడు లెక్కపెట్టినా 48 వచ్చేవట. "ఒకసారి ఆపు, నువ్వు లెక్కపెట్టు" అన్నాడు. భోజనం వేళ దాటిపోతోంది, బాబాయ్ ఫోను మీద ఫోను చేస్తున్నాడు, వచ్చేటప్పుడు చూద్దాంలే అన్నాను. వచ్చేటప్పటికి చీకటి పడింది.

నాన్నకి తమ్ముడి వరస బాబాయ్, పెదతాతగారి కొడుకు, లంకలోనే ఉండిపోయాడు. వాళ్లింట్లో నిజమైన పొట్టిక్కలు తిన్నాం. ఆకు వాసన పిండికి పట్టి, అసలది వేరే వస్తువే. నాన్న ఆరు తిని, "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి కూడా వెళ్లాం. పదకొండు ఊళ్ల రుద్రులు ఎత్తైన వెదురు ప్రభల మీద అక్కడ కలుస్తారు. కొన్ని ప్రభల్ని కౌశిక కాలవ నీళ్లలోంచి ఎత్తుకుని దాటిస్తారు. జనంలో నాకు ప్రభల పై అంచులు తప్ప ఏమీ కనబడలేదు. నాన్నకి అంతా కనబడిందట. చిన్నప్పుడు తాత భుజం మీంచి చూసింది కలిపి చెబుతున్నాడని నాకు అనుమానం.

మర్నాడు ఏటి ఒడ్డుకి వెళ్లాం. జనవరి కదా, నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. కోత ఒడ్డు నిలువుగా గోడలా ఉంది, అంచున రెండు కొబ్బరిచెట్లు వాలిపోయి ఉన్నాయి. నేను ఊహించుకున్నది ఏదో పెద్ద సంగతి. నాన్న ఏడుస్తాడేమో, పట్టుకోవాలేమో అని పక్కనే నిలబడ్డాను. ఆయన ఏడవలేదు. బాబాయ్‌తో తగువు పెట్టుకున్నాడు.

"నుయ్యి అదిగో, ఆ వలకర్ర దగ్గర."

"కాదన్నయ్యా. అది మా దొడ్డి. మీ నుయ్యి ఇంకా దిగువకి. అవతలి గట్టు మీద గుడి శిఖరం ఉందా, దానికి సూటిగా."

"మీ దొడ్డి నాకు పడమర. దస్తావేజులో ఉంది."

"దస్తావేజులో ఉంటే సరా? నేను రోజూ చూస్తున్నాను ఈ ఏటిని."

"నువ్వు చూస్తున్నది నీళ్లు. నేను చెబుతున్నది నుయ్యి."

ఇద్దరూ ముసలివాళ్లు, ఇద్దరి వేళ్లూ నీళ్ల వైపే. నాకు నవ్వొచ్చింది. తూర్పున ఫలానావారి దొడ్డి, దక్షిణాన పుంత అని నాన్న హద్దులన్నీ ఏకబిగిని అప్పజెప్పాడు. చివరికి బాబాయ్ కేకేస్తే ఒక పడవతను ఒడ్డుకి వచ్చాడు. నాన్నని ఇద్దరం రెక్కలు పట్టి ఎక్కించాం. మోకాలు నొప్పని ఒక్కసారి అనలేదు.

వలకర్ర దగ్గరికి వచ్చాక నాన్న "ఇక్కడ ఆపు బాబూ, ఎంత లోతుందో చూడు" అన్నాడు. పడవతను గెడ దించాడు. చెయ్యి మణికట్టు దాకా నీళ్లలో మునిగింది.

"ఆయ్, ఇక్కడ గెడ అందదండి."

నాన్న ఆ చోటుకేసి కాసేపు చూశాడు.

"అందదా? అయితే ఇది కాదు. మన నుయ్యి పన్నెండు ఒరలే, గెడకి అందేది." బాబాయ్ వైపు చూడకుండా, చేత్తో దిగువకి చూపించాడు. "కొంచెం అటు పోనీ."